కార్చిచ్చులు, వాటి వార్తలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో చాలా ఏళ్లు విదేశీ వార్తల పేజీ చూశాను. ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. ఎక్కడ అడవి తగలబడినా నాకు ఫోన్లు వస్తాయి. బంధువులు చేస్తారు, పాత మిత్రులు చేస్తారు, జర్నలిజం చదివే పిల్లలు చేస్తారు. అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఓపిగ్గా చదవండి.

అడవిలో ఏ మంట రేగినా కార్చిచ్చేనా?

కాదు. రైతు తన చేలో మిరప కట్టెకో పత్తి కట్టెకో నిప్పు పెడితే అది కార్చిచ్చు కాదు. అదే మంట గట్టు దాటి, పక్కనున్న కొండ గడ్డిని అందుకుని, ఎవరి మాటా వినకుండా పైకి పాకిపోతే అప్పుడది కార్చిచ్చు. ఎండిన గడ్డి, ఆకు ఉండాలి, గాలి ఉండాలి, ఎక్కడి నుంచో ఒక నిప్పురవ్వ పడాలి. మూడూ కలిసిన రోజు ఎంత పెద్ద దేశమైనా చేతులెత్తేయాల్సిందే.

2025 జనవరిలో టీవీ పెడితే చాలు లాస్ ఏంజెలెస్ మంటలే. నిజంగా అంత పెద్దవా అవి?

పెద్దవే. జనవరి 7న పాలిసేడ్స్, ఈటన్ అని రెండు ప్రధాన మంటలు మొదలయ్యాయి. 31 మంది చనిపోయారు. 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. రెండు మంటలూ కలిపి 37 వేల ఎకరాలకు పైగా తిన్నాయి. అమరావతి కోసం రైతులిచ్చిన భూమి సుమారు 34 వేల ఎకరాలు అనుకుంటే మనవాళ్లకి కొలత తెలుస్తుంది. తుళ్లూరు నుంచి మందడం దాకా, ఆ చుట్టూ ఉన్న ఊళ్లన్నీ ఒక్క వారంలో నల్లగా మాడిపోయాయని ఊహించుకోండి.

కాబట్టి ఆ మంటలకి అంత చోటిచ్చారని నాకు బాధ లేదు. మిగతా మంటలకి అసలు చోటే ఇవ్వలేదన్నదే నా బాధ.

మిగతావంటే ఏవి? మాకెందుకు తెలియలేదు?

2024 ఫిబ్రవరిలో చిలీలో, సముద్రం ఒడ్డున ఉన్న వీన్యా డెల్ మార్ చుట్టుపక్కల మంటలు రేగి 130 మందికి పైగా చనిపోయారు. లాస్ ఏంజెలెస్ మృతులకి నాలుగింతలు. వాలు మీద ఒకదానికొకటి అతుక్కుని కట్టుకున్న పేదల ఇళ్లు వరసగా అంటుకున్నాయి. దిగి పారిపోదామంటే దారులు ఇరుకు. మన ఇళ్లలో ఎంతమంది ఆ వార్త విన్నారు? గుంటూరులో నేను అడిగిన పదిమందిలో ఒక్కరికి గుర్తుంది, ఆ ఒక్కరూ స్పానిష్ నేర్చుకుంటున్న అమ్మాయి.

ఎందుకు తెలియదో చెప్పాలంటే డెస్కులో జరిగేది చెప్పాలి. 2021 ఆగస్టులో నేను డ్యూటీలో ఉన్న ఒక రాత్రి రెండు వార్తలు వచ్చాయి. ఒకటి గ్రీస్‌లోని ఎవియా దీవి. ఇంటి వెనక ఆకాశమంతా ఎర్రగా ఉంటే ఒక పెద్దావిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏడుస్తున్న ఫోటో అది. చూడగానే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. రెండోది అల్జీరియాలోని కబీలియా కొండలు. వార్తా ఏజెన్సీ పంపిన కాపీ నాలుగు పేరాలు, ఫోటో మసక. ఆవిడ ఫోటో మూడు కాలమ్‌ల వెడల్పున పెట్టాం. అల్జీరియాని సింగిల్ కాలమ్‌లో దిగువన పెట్టాను. పదకొండు గంటలకి వ్యాపార ప్రకటన ఒకటి వచ్చింది, ఆ సింగిల్ కాలమ్ ఎగిరిపోయింది. ఆ నెలలో గ్రీస్ మంటల్లో ముగ్గురు చనిపోయారు. అల్జీరియాలో కనీసం 90 మంది చనిపోయారు, వాళ్లలో 33 మంది మంటలు ఆర్పి జనాన్ని కాపాడడానికి వెళ్లిన సైనికులు.

అక్కడ ఎవరూ కావాలని దాచలేదు. ఫోటో ఉన్న వార్త నిలబడింది, లేనిది పోయింది. ఫోటో ఎందుకు లేదంటే, పెద్ద ఏజెన్సీలకి ఏథెన్స్‌లో ఉన్నంతమంది కెమెరా మనుషులు కబీలియా కొండల్లో ఉండరు. తెలుగు డెస్కుకి వచ్చేది ఇంగ్లిష్ ఏజెన్సీల కాపీ. వాళ్లు పంపనిది మన దగ్గర పుట్టదు. ఆ కాలమ్ ఎగిరిపోతుంటే నేను గొంతెత్తి ఉండాల్సింది. ఎత్తలేదు.

ఇది ఈ కాలపు టీవీల జబ్బేనా?

కాదు, నూటయాభై ఏళ్ల పాతది. 1871 అక్టోబర్ 8 రాత్రి అమెరికాలో షికాగో నగరం తగలబడింది. సుమారు 300 మంది చనిపోయారు, లక్ష మందికి నిలువ నీడ లేకుండా పోయింది. ఆ సంగతి అక్కడి బడిపిల్లలందరికీ తెలుసు. సరిగ్గా అదే రాత్రి, ఉత్తరాన విస్కాన్సిన్ రాష్ట్రంలో పెష్టిగో అనే కలప మిల్లుల ఊరు అడవి మంటలో బూడిదైంది. ఊరిలో, చుట్టుపక్కల కలిపి 1,200 నుంచి 2,500 మంది దాకా చనిపోయారని అంచనా. అమెరికా చరిత్రలో ఇంతమందిని బలిగొన్న కార్చిచ్చు ఇంకోటి లేదు.

నదిలో దిగి మెడలోతు నీళ్లలో తెల్లవార్లూ నిలబడ్డవాళ్లలో కొందరు బతికారు. 350 మందికి పైగా చనిపోయినవాళ్లని ఒకే గోతిలో పూడ్చారు. వాళ్లని గుర్తుపట్టి ఫలానా అని చెప్పడానికి ఊళ్లో మనిషి మిగల్లేదు.

ప్రపంచానికి ఎందుకు తెలియలేదంటే ఊరికున్న టెలిగ్రాఫ్ తీగ కూడా కాలిపోయింది. షికాగో కబురు నిమిషాల్లో దేశమంతా పాకింది. పెష్టిగో కబురు మనిషి వెళ్లి చెప్పాల్సి వచ్చింది. ఆ రాష్ట్ర గవర్నరు అప్పటికే షికాగో బాధితులకి సాయం పట్టుకుని వెళ్లిపోయాడు. కబురు అందినప్పుడు ఆఫీసులో పెద్దవాళ్లెవరూ లేరు. గవర్నరు భార్య ఫ్రాన్సిస్ ఫెయిర్‌చైల్డ్ షికాగో వెళ్తున్న సామాన్ల రైలుని తన మాట మీద ఆపించి పెష్టిగో వైపు మళ్లించింది. ఆవిడ వయసు అప్పటికి పాతికేళ్ల లోపే. వార్త ముందు ఎక్కడికి చేరితే దుప్పట్లు కూడా ముందు అక్కడికే చేరతాయని జర్నలిజం పిల్లలకి చెప్పాల్సి వస్తే నేను ఈ కథే చెబుతాను.

మా అబ్బాయి శాన్ హోసేలో ఉంటాడండీ. అందుకే అమెరికా మంటలు చూస్తాం. అది తప్పా?

ఎందుకు తప్పవుతుందమ్మా? కన్నపేగు అటే చూస్తుంది. విజయవాడ, గుంటూరుల్లో వీధికో ఇంట్లో అమెరికాలో ఉన్న బిడ్డలున్నారు. మీరు కంగారు పడేముందు ఒక లెక్క చెప్తాను: లాస్ ఏంజెలెస్‌కీ శాన్ హోసేకీ మధ్య రోడ్డు మీద 540 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇక్కడ బందరులో తుఫాను వస్తే బెంగళూరులో ఉన్నవాళ్లకి ఫోన్ చేసి ‘కొట్టుకుపోయారా’ అని అడిగినట్టుంటుంది.

చిలీలో మనవాళ్లు తక్కువ. అల్జీరియాలో ఇంకా తక్కువ. ఆ కొండల్లో కొడుకు ఫోన్ కలవక కూర్చున్న తల్లి ఉందని మనకి చెప్పేవాళ్లు ఉండాలి కదా, అదే నేనడిగేది.

ఒకే మంటలో చనిపోయినవాళ్ల మధ్య కూడా తేడా ఉంటుందా?

ఉంటుంది. లాస్ ఏంజెలెస్‌నే తీసుకోండి. సినిమా తారల ఇళ్లున్న పాలిసేడ్స్ బొమ్మలు రోజంతా తిరిగాయి. ఈటన్ మంట కొట్టింది ఆల్టడీనాని. నల్లజాతి కుటుంబాలు తరతరాలుగా సొంత ఇళ్లు కట్టుకుని బతికిన చోటు అది. 31 మందిలో 19 మంది చనిపోయింది ఈ మంటలోనే. ఆ ఊరి పడమటి వైపు ఇళ్లు ఖాళీ చేయమన్న హెచ్చరిక, తూర్పు వైపుకి వెళ్లిన చాలా గంటలకి గానీ వెళ్లలేదు. చనిపోయినవాళ్లు దాదాపు అందరూ ఆ పడమటి వైపు వాళ్లే.

ఇంకోటి, 2023 ఆగస్టు, గ్రీస్ ఈశాన్య సరిహద్దులో దాదియా అడవి. ఐరోపా యూనియన్‌లో నమోదైన మంటల్లో అంత పెద్దది అంతకు ముందు లేదు. అక్కడ ఒక్కరోజే 18 శవాలు ఒకచోట దొరికాయి. టర్కీ వైపు నుంచి సరిహద్దు దాటి వచ్చి అడవిలో దాక్కున్న వలస మనుషులని అనుకుంటున్నారు. హెచ్చరిక సందేశాలు ఫోన్లకి వెళ్లాయి గానీ, పట్టుబడతామన్న భయంతో అడవిలో ఉన్నవాళ్లు ఏ రోడ్డెక్కి ఎవరి తలుపు తడతారు? వాళ్ల పేర్లు చాలామందివి ఏ పత్రికలోనూ రాలేదు.

2019లో అమెజాన్ తగలబడుతోందని అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. ‘భూమికి ఊపిరితిత్తులు, 20 శాతం ఆక్సిజన్’ అన్నారు. నిజమేనా?

మంటలు నిజం. ఆ 20 శాతం మాట నిజం కాదు. అమెజాన్ అడవి పుట్టించే ఆక్సిజన్‌ని ఇంచుమించు ఆ అడవే, అందులోని జీవాలే, కుళ్లే ఆకులే వాడేసుకుంటాయి. అడవి విలువ వానల్లో ఉంది, అది దాచుకున్న కార్బన్‌లో ఉంది, అందులో బతికే మనుషుల్లో ఉంది. ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ అప్పుడు పెట్టిన ఫోటో కూడా ఆ ఏటిది కాదు, ఆ ఫోటో తీసిన మనిషి 2003లోనే చనిపోయాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందీ అదే.

అదే వారంలో ఉపగ్రహాలు చూపించిన మంటలు బ్రెజిల్ కన్నా అంగోలా, కాంగోల్లో ఎక్కువ. అది చూసి ‘ఆఫ్రికా గురించి ఎవరూ మాట్లాడరేం’ అని కొందరు కోపగించుకున్నారు. ఆ కోపంలో సగమే న్యాయం ఉంది. ప్రపంచంలో ఏటా కాలే నేలలో మూడింట రెండు వంతులు ఆఫ్రికాలోనే కాలుతుంది. కానీ అందులో ఎక్కువ భాగం గడ్డి మైదానాలు. పశువుల మేతకీ, చేలు శుభ్రం చేసుకోవడానికీ రైతులు ఏటేటా పెట్టే మంటలవి, వానలు పడగానే గడ్డి మళ్లీ లేస్తుంది. తడి అడవిని నరికి, ఎండబెట్టి, పశువుల కోసం తగలబెట్టడం వేరు. ఉపగ్రహ పటం మీద మంటల్ని చూపే ఎర్ర చుక్కలు లెక్కపెట్టి పోటీ పెడితే రెండు చోట్ల సంగతీ మనకి అర్థం కాదు.

హెక్టార్లలో చెబితే మాకు అందడం లేదు. అన్నిటికన్నా పెద్దవి ఎంత?

హెక్టారు అంటే రెండున్నర ఎకరాలు. 2023లో కెనడాలో సుమారు కోటిన్నర హెక్టార్లు కాలిపోయింది. మన ఆంధ్రప్రదేశ్ మొత్తం, ఇచ్ఛాపురం నుంచి కుప్పం దాకా, కోటీ 63 లక్షల హెక్టార్లు. ఇంచుమించు రాష్ట్రమంత అడవి ఒక్క ఏడాదిలో పోయింది. ఆ మంటలు మే నెల నుంచీ ఉన్నాయి. అయినా ప్రపంచం తలెత్తి చూసింది జూన్ 7న, పొగ దక్షిణానికి దిగి న్యూయార్క్ ఆకాశం నారింజ రంగుకి మారిన రోజున. పెద్ద న్యూస్‌రూముల కిటికీల్లోకి పొగ వచ్చాకే అది పెద్ద వార్తయింది.

2021లో రష్యాలో, ముఖ్యంగా సైబీరియాలో, అంతకన్నా ఎక్కువే కాలిందని పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ అంచనా. ఆ పొగ ఉత్తర ధ్రువం దాకా వెళ్లిందని నాసా చెప్పింది. అక్కడ మనుషులు పలచన, కెమెరాలు ఇంకా పలచన.

మొత్తం మీద మంటలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా?

రెండూ. ప్రపంచం మొత్తం కాలే నేల గత పాతికేళ్లలో తగ్గింది, గడ్డి మైదానాలు చేలుగా మారడం దానికి పెద్ద కారణం. అడవుల్లో రేగే భీకరమైన మంటలు మాత్రం 2003 నుంచి 2023 లోపు రెట్టింపు కన్నా ఎక్కువయ్యాయి. 2024లో ఉష్ణమండలంలో ఎన్నడూ నరకని పాత అడవి 67 లక్షల హెక్టార్లు పోయింది, అందులో మంటల వాటా మొదటిసారి అన్నిటికన్నా పెద్దదైంది. ఎవరైనా ఒక్క లెక్కే చూపించి వాదిస్తే రెండోది అడగండి.

దూరపు సంగతులు సరే, మన దగ్గర?

ఈ ప్రశ్న నన్ను చాలా తక్కువమంది అడుగుతారు, అందరూ అడగాలని నా కోరిక.

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2023-24 మంటల కాలంలో దేశం మొత్తం మీద 2 లక్షలకు పైగా మంటల చుక్కల్ని ఉపగ్రహాల ద్వారా గుర్తించింది. ఉత్తరాఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మొదటి మూడు. ఆ తర్వాత వరసలోనే 18 వేలకు పైగా చుక్కలతో మన ఆంధ్రప్రదేశ్ ఉంది. ఉత్తరాఖండ్ మంటలు మన చానళ్లలో కూడా వచ్చాయి, నైనిటాల్ ఉంది కాబట్టి. మన నల్లమల రాలేదు.

ఎందుకు రాలేదో నాకు బాగా తెలుసు. దోర్నాల దగ్గర అడవి అంటుకుంటే అక్కడి కంట్రిబ్యూటర్, అంటే ఊళ్లోనే ఉండి పత్రికకి వార్తలు పంపే విలేఖరి, ఫోటో తీసి పంపుతాడు. ఆ వార్త ఆ ప్రాంతపు జిల్లా పేజీలో వస్తుంది. విజయవాడలో చదివే పేపర్లో ఆ చోట ఇక్కడి డ్రైనేజీ గొడవ ఉంటుంది. మన పత్రికలు జిల్లాకో ఎడిషన్ తెచ్చి ఊరి వార్తకి చోటిచ్చాయి, అది మంచి పనే. కానీ గోడలు కూడా కట్టాయి. నూటయాభై కిలోమీటర్ల అవతల పులుల అభయారణ్యం కాలుతుంటే మనం కాలిఫోర్నియా మంటల్ని గంటగంటకీ చూస్తూ కూర్చునేది అందుకే.

కొన్నేళ్ల కిందట ఏప్రిల్‌లో దోర్నాల అవతల ఒక మధ్యాహ్నం ఆగాను. సినిమాల్లో చూసినట్టు చెట్ల తలల మీద మంట ఎగరడం లేదు. మోకాలెత్తు మంట, ఎండుటాకు మీద పాము పాకినట్టు సన్నగా వంకరగా కదులుతోంది. చిటపటమంటున్న చప్పుడు ముందు వినిపించింది, తర్వాతే మంట కనిపించింది. ఒక చెంచు పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్లు, అటవీ శాఖ బీట్ ఆఫీసరు ఒకాయన ఉన్నారు. చేతుల్లో పచ్చి మండలు. మంట అంచు మీద కొట్టి, వెనక్కి లాగి, మళ్లీ కొడుతున్నారు. పెద్దాయన రబ్బరు చెప్పుల అడుగు వేడికి మెత్తబడి ఒక వైపుకి సాగిపోయింది. నడుముకి కట్టుకున్న సీసాలో నీళ్లు సగమే ఉన్నాయి. ‘తాతా, కాస్త ఆగరాదా’ అంటే, ‘ఆగితే వాగు దాటుద్దయ్యా’ అన్నాడు. వాగు అవతల వెదురు ఉంది.

అలాంటి నేల మంటలో పెద్ద చెట్లు బతుకుతాయి. పోయేది లేత మొక్క, నేల మీద గూడు, తాబేలు, వచ్చే పదేళ్ల అడవి. అందుకే ఫోటో చూస్తే భయం వేయదు, వార్త కాదు. కొండపల్లి అడవిలో తెల్లపొణికి మొక్క కూడా లేతగా ఉన్నప్పుడు మంటకి నిలవదు, ఆ కర్ర లేకపోతే కొండపల్లి బొమ్మ లేదు.

మనుషులు కూడా పోతారు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెకింగ్‌కి వెళ్లినవాళ్లు 20 మందికి పైగా చనిపోయారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ బిన్సర్‌లో మంటలు ఆర్పడానికి వెళ్లిన నలుగురు అటవీ సిబ్బంది అక్కడికక్కడే పోయారు.

మన అడవులకి నిప్పు పెట్టేదెవరు?

పిడుగుల వల్ల అంటుకునేవి మన దగ్గర తక్కువ. లేత గడ్డి కోసం కాపరులు, ఇప్పపువ్వు ఏరుకోవడానికీ బీడీ ఆకు చిగుర్లకీ నేల శుభ్రం చేసేవాళ్లు, ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క, ఘాట్ రోడ్డు పక్కన వంట చేసుకుని పొయ్యి వదిలేసిన యాత్రికులు. పొట్టకూటి కోసం అడవికి వెళ్లేవాళ్ల మీద తప్పంతా నెట్టేయడం నాకు నచ్చదు, కారుల్లో వెళ్లేవాళ్ల నిర్లక్ష్యమూ తక్కువేం కాదు.

మంట దూరంగా ఉంటే మనకేం ప్రమాదం?

పొగ. గుంటూరు వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఒకటి అంటుకున్న రాత్రి, రెండు కిలోమీటర్ల అవతల మా వీధిలో చంటిపిల్లల్ని ఎత్తుకుని జనం పరుగెత్తారు. మా పక్కింటి అత్తయ్యగారు గుమ్మానికి తడి దుప్పటి కట్టి లోపల కూర్చుని దగ్గుతూనే ఉన్నారు. మంట వెలుగు మాకు కనిపించనే లేదు. అడవి పొగకి ఆ ఘాటు ఉండదు కాబట్టి ఎవరూ పరుగెత్తరు, కానీ అందులోని సన్నటి నుసి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి దిగుతుంది.

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం అడవులు, గడ్డి, పంట వ్యర్థాల మంటల పొగ వల్ల 2000 నుంచి 2019 దాకా ఏటా సుమారు 15 లక్షల మంది చనిపోయారు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా పేద, మధ్యాదాయ దేశాల వాళ్లే. మంటల్లో కాలి చనిపోయినవాళ్ల సంఖ్య దీని ముందు చాలా చిన్నది. పొగతో పోయినవాళ్లని మాత్రం ‘గుండెపోటు’, ‘ఆయాసం’ అని రాస్తారు, కార్చిచ్చు అని రాయరు. వార్తల్లో అన్నిటికన్నా పెద్ద లోటు ఇదేనని నా అభిప్రాయం.

టీవీ చెప్పకపోతే మేమెలా తెలుసుకోవాలి?

నాసా వాళ్ల ఫర్మ్స్ అనే పటం ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. ఉపగ్రహం వేడిని గుర్తించిన మూడు గంటల్లోపు ఎర్ర చుక్క పెడుతుంది. మన దేశానికి ఫారెస్ట్ సర్వే వాళ్ల వన్ అగ్ని పోర్టల్ ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమల, శేషాచలం మీద పెట్టి చూడండి. ఒక జాగ్రత్త: ఎర్ర చుక్క అంటే అడవి మంటే కానక్కర్లేదు. ఇటుక బట్టీ కావచ్చు, ఫ్యాక్టరీ కావచ్చు, చేలో కాల్చిన కట్టె కావచ్చు. మబ్బు పడితే చుక్క కనిపించదు కూడా. చుక్క చూసి ఆ ఊళ్లో తెలిసినవాళ్లకి ఒక ఫోన్ చేస్తే సంగతి తేలుతుంది.

వాట్సాప్‌లో వచ్చే ఫోటోలు నమ్మొచ్చా?

ముందు తేదీ, తర్వాత చోటు చూడండి. చిన్న ఎలుగులా ఉండే కోలా జంతువు కనిపిస్తే అది ఆస్ట్రేలియా, కింద అమెజాన్ అని రాసినా సరే. గూగుల్ లెన్స్‌లో పెడితే పాత ఫోటో చాలావరకు అర నిమిషంలో దొరికిపోతుంది.

రాత్రి డాబా మీద నుంచి కొండ మీద మంట కనిపిస్తే ఎవరికి చెప్పాలి?

112కి గానీ 101కి గానీ ఫోన్ చేయండి. ఏ కొండ, ఏ వైపు, పైకి పోతోందా పక్కకి పోతోందా, గాలి ఎటు ఉంది, కింద ఇళ్లున్నాయా, ఈ ఐదూ చెప్పండి. ‘కొండపల్లి కొండ తగలబడుతోంది’ అంటే వాళ్లకి చాలదు, ఖిల్లా వైపా, ఇబ్రహీంపట్నం వైపా చెప్పాలి. మీరే ఎక్కి ఆర్పడానికి వెళ్లకండి, వాలులో మంట మనిషి కన్నా వేగంగా ఎక్కుతుంది. ఫోన్ చేశాక ఒక ఫోటో తీసి, తేదీ, టైము, ఊరి పేరు రాసి మీ ఊరి కంట్రిబ్యూటర్‌కి పంపండి. మర్నాడు జిల్లా పేజీలో వస్తే ఆ ముక్క కత్తిరించి పక్క జిల్లాలో ఉన్న మీ చుట్టాలకి పంపండి, వాళ్ల పేపర్లో అది ఉండదు.